బొమ్మనహళ్ళి వలస ఇళ్ళకు తెలుగు కౌన్సెలర్లు కావాలి

సైకాలజీ, సోషల్ వర్క్ చదివితే ఉద్యోగం ఎక్కడ దొరుకుతుందని అడిగే పిల్లలకు నేను హోసూరు రోడ్డు మీది బొమ్మనహళ్ళిని చూపిస్తాను. 2007లో బెంగళూరు మహానగరంలో కలిసేదాకా అది విడి మునిసిపాలిటీ. గార్మెంట్ ఫ్యాక్టరీలు, అపార్ట్‌మెంట్ పనులు, ఐటీ ఆఫీసులు, పీజీలు అన్నీ అక్కడే. 2025 ఆగస్టులో మెట్రో పసుపు లైను కూడా వచ్చింది. అనంతపురం, కడప, కర్నూలు, మహబూబ్‌నగర్ వైపు నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన కుటుంబాలు హొంగసంద్ర, గార్వేభావిపాళ్య సందుల్లో అద్దెకుంటాయి. లక్షల జీతం తెచ్చుకునే తెలుగు ఇంజనీర్లూ ఆ చుట్టుపక్కలే ఉంటారు. ఈ రెండు రకాల ఇళ్ళలోనూ పిల్లల్ని పెంచడం కష్టమవుతోంది. ఆ కష్టాన్ని వాళ్ళ తెలుగులో విని సాయం చేయగల చదువుకున్న మనిషి మాత్రం అరుదు. ఈ వ్యాసం ఆ పనిని గురించి.

కదిరి నుంచి బెంగళూరుకు రావడమంటే సముద్రం దాటడం కాదు, ఒక పూట ప్రయాణం. అయినా బిడ్డకు బడి భాష మారిపోతుంది. పిల్లల్ని చూసుకునే జేజి ఊళ్ళోనే ఉండిపోతుంది. చాలామంది మొదట బిడ్డను జేజి దగ్గరే వదిలి, కాస్త నిలదొక్కుకున్నాక తెచ్చుకుంటారు. అప్పటికి ఆ బిడ్డకు తల్లే కొత్త మనిషి. 'మొండికేస్తున్నాడు, చెప్పిన మాట వినడు' అని తల్లి అంటుంది. తన సంగతి అడిగితే నిద్ర పట్టదని, గుండె దడగా ఉంటుందని, తల తిప్పుతోందని చెబుతుంది. దిగులుగా ఉందని చెప్పదు. మనసు డాక్టరు దగ్గరికి పోదామంటే 'మా బిడ్డకేమైనా పిచ్చా?' అని తండ్రి లేచిపోతాడు.

ఇలాంటి ఇంటికి ఇంగ్లీషు పాఠ్యపుస్తకంలోని సలహాలను తెలుగులోకి మార్చి చెబితే పని జరగదు. ఒక ఉదాహరణ తీసుకోండి. అల్లరి చేసే బిడ్డను కొన్ని నిమిషాలు పక్క గదిలో కూర్చోబెట్టమని పేరెంటింగ్ శిక్షణల్లో చెబుతారు, దాన్నే టైమ్ అవుట్ అంటారు. ఈ ఇంట్లో ఉన్నదే ఒక్క గది. అందులోనే పొయ్యి, మంచం, రాత్రి షిఫ్టు చేసి నిద్రపోతున్న నాన్న. పక్క గది ఎక్కడిది? రోజూ కాసేపు బిడ్డతో ఆడుకోండి అన్నది ఇంకో సలహా. పగలంతా మిషను మీద కుట్టి వచ్చి, నీళ్ళు పట్టి, పొయ్యి వెలిగించే తల్లి ఆ మాట వింటే తనలో మరో తప్పు దొరికిందనుకుంటుంది. అదే సలహాను ఆమె దినచర్యలోకి తేవచ్చు. పొద్దున జడ వేసేటప్పుడు ఫోన్ పక్కన పెట్టి, బడిలో ఏం జరిగిందో బిడ్డను చెప్పనివ్వమనండి, మధ్యలో తిట్టొద్దనండి. కావలసింది తల్లి ధ్యాస బిడ్డ మీద ఉండటం, అది జడ వేసేటప్పుడూ కుదురుతుంది. బిడ్డను ఊళ్ళో పెంచిన జేజిని వీడియో కాల్లో కూర్చోబెట్టడం కూడా చికిత్సలో భాగమే. ఆమెను పక్కన పెట్టి చేసిన ఏ ఏర్పాటూ ఆ ఇంట్లో నిలవదు.

ఇంకో సంగతి నన్ను ఎక్కువగా బాధిస్తుంది. ఇంట్లో అందరికంటే ముందు కన్నడ నేర్చేది పిల్లలే. ఆసుపత్రికి, ఇంటి ఓనరు దగ్గరికి, బడికి అమ్మానాన్నల నోరై వెళ్ళేదీ వాళ్ళే. పదేళ్ళ పిల్ల తన అమ్మ జబ్బు వివరాలను డాక్టరుకు చెప్పాల్సి వస్తుంది. ఆ బరువు పిల్ల మోయదగ్గది కాదు. ఇంట్లో పెద్దరికం కూడా అక్కడే తారుమారవుతుంది. తర్వాత తండ్రి గట్టిగా మాట్లాడితే పిల్ల లెక్కచేయదు, ఆయన చెయ్యి లేస్తుంది.

ఇలా కుటుంబానికి తగ్గట్టు మలిచిన సాయం పనిచేస్తుందని చెప్పే పరిశోధనలు ఉన్నాయి. స్వీడన్‌లో స్థిరపడిన సోమాలీ తల్లిదండ్రుల కోసం లద్నాన్ అనే కార్యక్రమం నడిపారు. ప్రభుత్వం పిల్లల్ని లాక్కుపోతుందన్న భయం వాళ్ళలో ఉండేది. అందుకే మొదటి తరగతుల్లో అక్కడి చట్టాలు, పిల్లల హక్కుల గురించి చెప్పి, పెంపకం సంగతికి ఆ తర్వాతే వచ్చారు. అన్నీ సోమాలీ భాషలోనే. 2017లో వచ్చిన ఫలితాల్లో పిల్లల ప్రవర్తన సమస్యలు తగ్గాయి. పాకిస్తాన్‌లోని రావల్పిండి పల్లెల్లో మన ఆశా కార్యకర్తల వంటి ఆరోగ్య కార్యకర్తలే దిగులుతో ఉన్న గర్భిణులకు సాయపడ్డారు. 2008లో లాన్సెట్ ప్రచురించిన ఆ అధ్యయనంలో, ప్రసవమైన ఆరు నెలలకు ఈ సాయం అందిన తల్లుల్లో 23 శాతం మందిలోనే డిప్రెషన్ మిగిలింది, ఈ సాయం అందనివాళ్ళలో అది 53 శాతం. అక్కడ తల్లి జబ్బు పేరెత్తకుండా బిడ్డ ఆరోగ్యం కోసమని మొదలుపెట్టారు. అలా వెళితే అత్తగారు కూడా తలుపు తీస్తుంది. ఈ ఒడుపు బొమ్మనహళ్ళిలోనూ పనికొస్తుందని నా నమ్మకం.

ఇక చదువు. ఎం.ఎస్.డబ్ల్యూ. చేసి కుటుంబాలతో పనిచేయడం ఒక దారి. ఎం.ఎస్సీ. కౌన్సెలింగ్ సైకాలజీ ఇంకోటి. క్లినికల్ సైకాలజిస్టు అనిపించుకోవాలంటే రీహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తించిన కోర్సు, ఆ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అక్కడి కోర్సుల పేర్లు, పద్ధతులు ఇప్పుడు మారుతున్నాయి కాబట్టి ఫీజు కట్టేముందు కాలేజీ పేరు కౌన్సిల్ జాబితాలో ఉందో లేదో మీరే చూసుకోండి. దూరవిద్యలో సైకాలజీ చేద్దామనుకునేవాళ్ళు మరీ జాగ్రత్త: 2025 జులై-ఆగస్టు నుంచి దూరవిద్య, ఆన్‌లైన్ పద్ధతుల్లో సైకాలజీ కొత్త ప్రవేశాలను యూజీసీ ఆపేసింది. ఆంధ్రా, ఉస్మానియా, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాల్లో సైకాలజీ విభాగాలున్నాయి. హైదరాబాదులో రోడా మిస్త్రీ కాలేజీలో సోషల్ వర్క్ చదవొచ్చు. బొమ్మనహళ్ళి నుంచి అదే హోసూరు రోడ్డు మీద నగరంలోకి వెళితే నిమ్హాన్స్ అనే మానసిక ఆరోగ్య సంస్థ వస్తుంది. పిల్లల మానసిక వైద్యానికి, సైకియాట్రిక్ సోషల్ వర్క్‌కు అక్కడ ప్రత్యేక విభాగాలున్నాయి. తెలుగు బాగా వచ్చు కదా అని రెండు వారాల సర్టిఫికెట్‌తో కౌన్సెలర్ బోర్డు పెట్టేవాళ్ళున్నారు, దయచేసి అలా చేయకండి. ఆత్మహత్య ఆలోచనల్లో ఉన్న తల్లి ఎదురుగా కూర్చున్నప్పుడు అనుభవజ్ఞుల పర్యవేక్షణలో నేర్చుకున్న నైపుణ్యం లేకపోతే ప్రాణాలే పోతాయి.

ఈ పనిలో చట్టం సంగతీ తెలిసి ఉండాలి. పిల్లల మీద లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే రహస్యంగా ఉంచుతామని ఎవరికీ మాటివ్వకూడదు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్ళు పోలీసులకు చెప్పి తీరాలి. ఆ సంగతి కుటుంబానికి మొదటి రోజే, బెదిరించినట్టు కాకుండా, మామూలు మాటల్లో వివరించాలి. 1098 చైల్డ్ హెల్ప్‌లైన్ నంబరు నోటికొచ్చి ఉండాలి.

ఉద్యోగాలు ఒకే చోట కుప్పగా ఉండవు. గార్మెంట్ ఫ్యాక్టరీల వెల్ఫేర్ ఆఫీసర్లు, వాటి శిశు సంరక్షణ కేంద్రాలు, కార్మికుల పిల్లల కోసం పనిచేసే స్వచ్ఛంద సంస్థలు, ఆసుపత్రుల సోషల్ వర్క్ విభాగాలు వెతకాలి. స్కూళ్ళలో కౌన్సెలర్ పోస్టులున్నాయి, సీబీఎస్ఈ నిబంధనలు అడుగుతాయి కూడా. 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్ 14416 నంబరుపై తెలుగులోనూ పలుకుతుంది. రాష్ట్రాలు దానికి కౌన్సెలర్లను నియమించుకుంటున్నాయి, నోటిఫికేషన్లు గమనిస్తూ ఉండండి. జీతం మొదట్లో సాఫ్ట్‌వేర్ స్నేహితుడి జీతంతో పోల్చుకునేలా ఉండదు. ఇంటి బాధ్యతలున్నవాళ్ళు ఆ లెక్క ముందే వేసుకోవాలి.

కన్నడ కూడా నేర్చుకోండి. మీరు తెలుగులో విన్నదాన్ని హెడ్‌మాస్టరుకు, అంగన్‌వాడీ టీచరుకు, పోలీసు స్టేషన్‌లో కన్నడలో చెప్పగలగాలి. ఇంటర్వ్యూలో మీకు ఈ రెండు భాషలూ వచ్చని చెప్పి వదిలేయకండి. అనంతపురం తల్లి మాటను కన్నడ టీచరుకు ఎలా చేరవేస్తారో అక్కడికక్కడే చేసి చూపించండి.