హదీసు పాఠం: బరీరా (రజి) చెప్పిన జవాబు

హజ్రత్ బరీరా (రజి) ఒక బానిస స్త్రీ. హజ్రత్ ఆయిషా (రజి) ఆమెను కొని విముక్తి కలిగించారు. ఆమె భర్త ముగీస్ (రజి) కూడా బానిసే. స్వేచ్ఛ లభించాక ఆ బంధంలో ఉండాలా, విడిపోవాలా అన్న నిర్ణయం ఆమె చేతికి వచ్చింది. ఆమె విడిపోయారు.

ముగీస్ (రజి) తట్టుకోలేక మదీనా వీధుల్లో ఆమె వెనకాలే ఏడుస్తూ తిరిగేవారు. కన్నీళ్ళతో గడ్డం తడిసిపోయేది. దైవప్రవక్త (సఅసం) జాలిపడి, అతన్ని మళ్ళీ స్వీకరిస్తే బాగుంటుందని ఆమెతో అన్నారు. ఇది ఆజ్ఞా అని ఆమె అడిగారు. కాదు, సిఫారసేనని ఆయన చెప్పారు. అయితే అతని అవసరం తనకు లేదన్నారు బరీరా (రజి). హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు సహీహ్ బుఖారీలో ఉంది.

ఇందులో మనకు లభించే పాఠాలు:

1. ముగీస్ (రజి) ప్రేమ నిజమైనదే. అయినా ఆ ప్రేమ ఆమెపై హక్కు కాలేదు.

2. దైవప్రవక్త (సఅసం) అంతటివారి సిఫారసును కూడా ఒక స్త్రీ కాదనగలిగింది. ఆయన కోపగించలేదు, బలవంతపెట్టలేదు. మరి సర్దుకుపొమ్మని ఒత్తిడి చేసే హక్కు జమాత్ పెద్దలకు ఎక్కడిది?

3. తలాఖ్ తర్వాత ఇద్దత్ లోపల రుజూ చేసుకునే వీలున్న చోట కూడా సంబంధాన్ని చక్కదిద్దుకునే ఉద్దేశ్యం ఉండాలి. వేధించడానికి స్త్రీని ఆపి ఉంచరాదని ఖుర్ఆన్ (2:231) హెచ్చరిస్తోంది. ఇద్దత్ ముగిశాక ఆమె సమ్మతితో కొత్త నికాహ్ తప్ప వేరే దారి లేదు.

నేడు మన మధ్య జరుగుతున్నదేమిటి? కాలేజీ దగ్గర కాపు కాయడం, అర్ధరాత్రి ఫోన్లు, పాత ఫోటోలు బయటపెడతానని బెదిరింపులు. 2021 జనవరిలో మన చిత్తూరు జిల్లా పెనుమూరు మండలంలో, తనకు దూరమైన యువతిని ఓ యువకుడు దారికాచి కత్తితో పొడిచి చంపాడు. వెంటపడటం ప్రేమకు గుర్తు అనుకునేవారు ఈ ముగింపును చూడాలి.

తల్లిదండ్రులారా! అమ్మాయి వచ్చి భయంగా ఉందని చెబితే, ముందు ఆమెనే నిందించకండి. పరువు పోతుందని దాచకండి. చదువు మాన్పించకండి. 112కు గానీ, మహిళా హెల్ప్‌లైన్ 181కు గానీ ఫోన్ చేయండి. వద్దన్నా స్త్రీ వెంటపడటం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ ప్రకారం నేరం. మొదటిసారికి 3 ఏళ్ళ వరకు, మళ్ళీ చేస్తే 5 ఏళ్ళ వరకు జైలు.

అబ్బాయి ఉన్న ఇంటి బాధ్యత ఇంకా పెద్దది. దుఃఖపడటం పాపం కాదని, ఏడవవచ్చునని, కానీ ఆమె "వద్దు" అన్న తర్వాత ఆమె దారి ఆమెదేనని కొడుక్కి చెప్పండి. అతన్ని ఒంటరిగా వదిలేయకండి.

అల్లాహ్ మన ఇళ్ళకు సహనాన్ని, మన ఆడబిడ్డలకు రక్షణను ప్రసాదించుగాక. ఆమీన్.