వెట్టి సంకెల

నెల్లూరు మండలమున పెన్నానదికి ఉత్తరముగా, సముద్రతీరమునకు దాపున అలగానిపాడు అను గ్రామము కలదు. 1913వ సంవత్సరము మే 1వ తేదీన ఆ గ్రామమునందు ఒక సంపన్న కర్షక కుటుంబమున పుచ్చలపల్లి సుందరయ్య జన్మించెను. తల్లిదండ్రులు పెట్టిన పేరు సుందరరామిరెడ్డి. కులమును తెలుపు మాటను ఆయన తన పేరునుండి తానే తొలగించుకొనెను. యౌవనమున స్వగ్రామమునకు వచ్చి వ్యవసాయకూలీలను ఒక సంఘముగా కూర్చెను. ఈ తీరప్రాంతమున పుట్టిన ఆ యువకుడు తరువాతి కాలమున నైజాము రాజ్యములో చెలరేగిన ఘోరసంగ్రామమునకు నాయకులలో ఒకడయ్యెను.

ఆ సంగ్రామము ఏల వచ్చెను? ఒకే భాష మాటలాడువారు, ఒకే చెరువు నీరు త్రాగువారు రెండు పక్షములై ఏల ఆయుధములు పట్టిరి? దానికి మూలము వెట్టి.

1911 నుండి మీర్ ఉస్మాన్ అలీఖాను పాలించిన హైదరాబాదు రాజ్యము, జనసంఖ్యలో భారతదేశమందలి సంస్థానము లన్నిటిలో పెద్దది. రాజ్యమందలి భూమిలో సుమారు నూటికి 60 పాళ్లు దివానీ, అనగా ప్రభుత్వము నేరుగా పన్ను వసూలు చేయునది. సుమారు 30 పాళ్లు జాగీరుదారులది. మిగిలిన 10 పాళ్లు నిజాము స్వంత వ్యయమునకై ఏర్పడిన సర్ఫెఖాసు. దివానీ గ్రామములలోను దేశముఖులు వేలకొలది ఎకరములను చేజిక్కించుకొనియుండిరి. వారు నివసించు కోటవంటి భవనమునకు గడి యని పేరు.

వెట్టి యనగా కూలి లేని చాకిరి. గడికి ప్రతి కులమువారును తమ వంతు పని ఉచితముగా చేయవలసియుండెను. చాకలి బట్టలుదుకవలెను, కుమ్మరి కుండలీయవలెను, మాదిగ చెప్పులు కుట్టి యీయవలెను, గౌండ్లవాడు కల్లు పోయవలెను, గొల్ల కురుమలు గొర్రెల నీయవలెను. హరిజనులు ఇంటికొకరు చొప్పున పనికి పోవలెను. అధికారి ఊరికి వచ్చినచో బరువులు మోయువారును వారే. రైతు సైతము దొర పొలము దున్నిన పిదపనే తన పొలమున నాగలి పెట్టవలెను. ఎప్పుడో తెచ్చిన కొద్దిపాటి అప్పునకై తండ్రి భగేలాగా చేరిన యెడల, ఆ అప్పు తీరక కొడుకును మనుమడును అదే కాడిని మోసెడివారు. దొర కూతురు అత్తవారింటికి పోవునపుడు ఆడబాపలను పేర పేదబాలికలను ఆమె వెంట సేవకై పంపెడివారు. “నీ బాంచెను, కాల్మొక్తా” అనుట తప్ప దొర యెదుట పేదవాడు మరియొక మాట యెరుగడు.

ఇట్టి అన్యాయమే మరియొక ఖండమున మరియొక రూపమున నుండెను. 1860లో అమెరికా సంయుక్త రాష్ట్రములలో సుమారు 40 లక్షల మంది నీగ్రోలు బానిసలై, పశువులవలె విక్రయింపబడుచుండిరి. దాస్యము క్రొత్త ప్రాంతములకు వ్యాపింపరాదని ఉత్తరమువారును, వ్యాపింపవలెనని దక్షిణమువారును దశాబ్దములు వాదించుకొనిరి. రాజీలు కుదిరెను, చెదరెను. అబ్రహాము లింకను అధ్యక్షుడుగా ఎన్నికైనంతనే దక్షిణ రాష్ట్రములు విడిపోవ నారంభించెను. 1861 ఏప్రిలులో మొదలైన అంతర్యుద్ధము 1865 వరకు సాగి 6 లక్షలకు పైగా సైనికులను బలిగొనెను. అచ్చట శాసనమే దాస్యమును నిలిపెను. నైజాములో వెట్టిని నిషేధించు ఉత్తరువులు వెలువడినను, వానిని అమలు జరుపవలసిన అధికారులే వెట్టి చేయించుకొనుచుండిరి. కావున ఉత్తరువులు కాగితముపైననే యుండి, ఆచారము ఊరిలో నిలిచెను.

ఈ సంకెలను శాంతముగా తెంపుటకు కొందరు పెద్దలు ప్రయత్నింపకపోలేదు. 1921లో హైదరాబాదున జరిగిన ఒక సభలో తెలుగున మాటలాడిన వక్తను కొందరు గేలిచేయగా, మనసు నొచ్చిన తెలుగువారు ఆంధ్ర జనసంఘమును స్థాపించిరి. మాడపాటి హనుమంతరావు దానికి ప్రాణము పోసెను. 1930లో జోగిపేటయందు సురవరము ప్రతాపరెడ్డి అధ్యక్షతన ప్రథమ ఆంధ్ర మహాసభ జరిగెను. గ్రంథాలయములు, పాఠశాలలు, వినతిపత్రములు వారి సాధనములు. ప్రభుత్వము వినతులను స్వీకరించెనేగాని గడిలో చాకిరి తగ్గలేదు. 1944లో భువనగిరి మహాసభకు రావి నారాయణరెడ్డి అధ్యక్షుడయ్యెను. మితవాదులు వేరైపోయిరి. అప్పటినుండి గ్రామములలో ఆ సభ “సంగము” అను పేర పేదల యండగా నిలిచెను.

పాలకుర్తి గ్రామమున చాకలి ఐలమ్మ అను స్త్రీ కౌలుకు తీసికొన్న నాలుగెకరముల పొలమున పంట పండించెను. విసునూరు దేశముఖు రాపాక రామచంద్రారెడ్డి మనుష్యులు పంటను తీసికొనిపోవ వచ్చిరి. ఐలమ్మ జంకలేదు. సంగము కార్యకర్తలు ధాన్యమును ఆమె ఇంటికి చేర్చిరి. ఒక చాకలి స్త్రీ దొర నెదిరించి నిలిచినదన్న వార్త పల్లెపల్లెకు ప్రాకెను.

1946 జూలై 4వ తేదీన కడవెండి గ్రామములో సంగమువారు ఊరేగింపుగా పోవుచుండగా, గడి మనుష్యులు తుపాకులు పేల్చిరి. దొడ్డి కొమరయ్య అను యువకుడు నేలకొరిగెను. అంతవరకు కర్రలు, వడిసెలలు మాత్రమే పట్టిన రైతులు తుపాకులకై వెదకసాగిరి.

1947 ఆగస్టు 15న భారతదేశము స్వతంత్రమయ్యెను. నిజాము భారతదేశమున చేరుట కంగీకరింపలేదు. ఖాసిం రజ్వీ నాయకత్వమున రజాకారులు గ్రామములపై బడిరి. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో అనేకులను కాల్చిచంపిరి. అయినను ఇది మతముల నడుమ జరిగిన పోరు కాదు. భారతదేశముతో చేరవలెనని తన పత్రికలో వ్రాసిన షోయబుల్లా ఖానును అదే మాసమున రజాకారులే హత్యచేసిరి. కవి మఖ్దూం మొహియుద్దీను రైతుల పక్షమున నిలిచెను. మరియొక వైపున పెక్కుమంది హిందూ దేశముఖులు నిజాము నాశ్రయించిరి.

1948 సెప్టెంబరు 13న భారతసైన్యము ప్రవేశించెను. 17న నిజాము లొంగిపోయెను. ఆ దినములలో కొన్ని ప్రాంతములందు నిరపరాధులైన ముస్లిములు అనేకులు ప్రాణములు కోల్పోయిరి. పోరు అంతటితో ఆగలేదు. పంచుకొన్న భూమిని విడువని దళములకును, భారతసైన్యమునకును 1951 అక్టోబరు వరకు సంఘర్షణ సాగెను. అజ్ఞాతమున నుండి ఉద్యమమును నడిపిన సుందరయ్య 1972లో వెలువడిన తన గ్రంథమున, సుమారు 3,000 గ్రామములలో 10 లక్షల ఎకరములు పంపిణీ యయ్యెననియు, 4,000 మంది ఉద్యమకారులు, కర్షకులు మరణించిరనియు వ్రాసెను.

1949లో జాగీరులు రద్దయ్యెను. 1950లో కౌలుదారుల చట్టము వచ్చెను. అదే సంవత్సరము అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము తన 23వ అధికరణమున వెట్టిని నిషేధించెను. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో హరిజనులు వినోబాభావేను 80 ఎకరముల భూమి కోరగా, వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరములు ఇచ్చెదననెను. అడిగినంతనే ఇచ్చిన ఆ చేయి ఇరువదియేండ్లకు ముందే చాచియుండిన, ఎందరు తల్లులకు కడుపుకోత తప్పెడిదో!

అప్పుకై మనిషిని కట్టివేయు పద్ధతిని నిర్మూలించుటకు 1976లో ప్రత్యేకచట్టమే చేయవలసివచ్చెను. చట్టము వ్రాసినంత మాత్రమున సంకెల తెగదని నైజాము ఉత్తరువులే తెలిపినవి. పనికి తగిన కూలి నిచ్చుట, ప్రక్కవానిని మనుష్యునిగా చూచుట ప్రతి ఊరిలో ప్రతివాడును చేయవలసిన పని. సుందరయ్య 1985 మే 19న మరణించెను. అలగానిపాడు పొలములలో ఆయన మొదట కూర్చినది సైన్యము కాదు; కూలి యడుగ నేర్చిన మనుష్యులను.

ప్రశ్నలు
1. వెట్టి యనగానేమి? ఏయే కులములవారు ఏయే పనులు చేయవలసివచ్చెను?
2. అమెరికాలోని దాస్యమునకును, నైజాములోని వెట్టికిని గల భేదమేమి?
3. వినతిపత్రములతో ప్రారంభమైన ఉద్యమము సాయుధసమరముగా మారుటకు కారణములను క్రమముగా వ్రాయుడు.