వంటమనిషికి ఒంట్లో బాగోలేని రోజు
హోటళ్ళు, టిఫిన్ సెంటర్లు, మెస్సులు, కర్రీ పాయింట్లు నడిపేవారికీ, వాటిలో పనిచేసేవారికీ ఒక ఆరోగ్య పాఠం



తెల్లవారుజామున నాలుగు గంటలు. ఒక టిఫిన్ సెంటర్‌లో చట్నీలు రుబ్బే కుర్రవాడు యజమానికి ఫోన్ చేశాడనుకుందాం.

"బాబాయ్, రాత్రి నుంచి నాలుగైదుసార్లు విరేచనాలయ్యాయి. ఇవాళ రాలేను."

"ఇవాళ ఆదివారం రా! నువ్వు రాకపోతే ఎలా? ఒక మాత్ర వేసుకుని వచ్చెయ్. రాకపోతే ఇవాళ్టి కూలి లేదు."

కుర్రవాడు మాత్ర వేసుకుని వచ్చాడు. ఇడ్లీ ఆవిరిలో ఉడుకుతుంది, దోసె పెనం మీద కాలుతుంది. కాని చట్నీ రుబ్బిన తర్వాత పొయ్యి ఎక్కదు. ఆ చట్నీ ఆ ఉదయం ఎన్ని ప్లేట్లలోకి వెళ్ళిందో లెక్క కట్టండి.

ఇందులో తప్పెవరిది? చేతులు సరిగా కడుక్కోని కుర్రవాడిదా? కూలి కోస్తానన్న యజమానిదా? ఆహార వ్యాపారంలో పనివారిని చూసుకోవడమనేది జీతాలు, డ్యూటీలతో ముగిసేది కాదు. అది తినేవారి ఆరోగ్యానికి సంబంధించిన విషయం కూడా. ఈ పాఠంలో దానిని గురించి తెలుసుకుందాం.

చరిత్ర చెప్పే పాఠం

1906 వేసవిలో అమెరికాలోని న్యూయార్క్ దగ్గర ఆయిస్టర్ బే అనే ఊరిలో ఒక ధనిక కుటుంబం అద్దె ఇంట్లో ఉంది. ఆ ఇంట్లోని 11 మందిలో ఆరుగురికి టైఫాయిడ్ వచ్చింది. కారణం వెదకడానికి జార్జ్ సోపర్ అనే పారిశుద్ధ్య ఇంజనీరును పిలిపించారు. కొద్దికాలం కిందటే ఆ ఇంట్లో వంటకు చేరిన మేరీ మాలన్ అనే ఐరిష్ స్త్రీ మీదికి ఆయన దృష్టి మళ్ళింది. ఆమె అంతకుముందు వంట చేసిన ఇళ్ళలోనూ టైఫాయిడ్ వచ్చినట్టు తేలింది. ఆమె మాత్రం ఆరోగ్యంగానే ఉంది! పరీక్షించగా ఆమె మలంలో టైఫాయిడ్ క్రిములు కనిపించాయి. వేడి వంటకాల్లో ఆ క్రిములు చనిపోతాయి. కాని పచ్చి పీచ్ పండ్లు కోసి వేసిన ఆమె ఐస్‌క్రీం ద్వారా క్రిములు వ్యాపించి ఉంటాయని సోపర్ భావించాడు.

1907లో ఆమెను ఒక దీవిలోని ఆసుపత్రిలో ఒంటరిగా ఉంచారు. ఇక వంట పని చేయనని మాట ఇచ్చిన మీదట 1910లో విడిచిపెట్టారు. ఆమె బట్టలుతికే పనికి వెళ్ళింది. వంటలో వచ్చే జీతం అందులో రాదు. తాను జబ్బు మోస్తున్నానని ఆమె ఎన్నడూ నమ్మలేదు కూడా. చివరకు పేరు మార్చుకుని మళ్ళీ వంటకు చేరింది. 1915లో న్యూయార్క్‌లోని ఒక ప్రసూతి ఆసుపత్రిలో ఆమె వంట చేస్తుండగా 25 మందికి టైఫాయిడ్ వచ్చింది, ఇద్దరు చనిపోయారు. ఆమెను మళ్ళీ ఆ దీవికే పంపారు. 1938లో చనిపోయేవరకు అక్కడే ఉంది.

ఈ కథలో మనం సాధారణంగా మేరీనే నిందిస్తాం. కాని ఇంకొక సంగతి గమనించండి. "వంట చేయవద్దు" అని చెప్పినవారు, ఆమె ఏమి చేసి బ్రతకాలో సరిగా ఆలోచించలేదు. జబ్బు చెప్పినందుకు పొట్ట మీద దెబ్బ పడితే మనిషి జబ్బును దాచిపెడతాడు. నూరేళ్ళు దాటినా ఈ మాట మారలేదు.

చేతుల ద్వారా ఆహారంలోకి వచ్చే జబ్బులు

1. విరేచనాలు, వాంతులు: వీటిని కలిగించే క్రిములలో నోరోవైరస్ చాలా వేగంగా అంటుకుంటుంది. విరేచనాలు ఆగిన తర్వాత కూడా మలంలో క్రిములు ఉంటాయి. అందుచేత వాంతులు, విరేచనాలు పూర్తిగా తగ్గి 48 గంటలు గడిచేవరకు వంటగదిలోకి రాకూడదు. చేతులకు రాసుకునే శానిటైజర్‌కు నోరోవైరస్ సులభంగా లొంగదు. సబ్బు, పారే నీరే సరైన మార్గం.

2. టైఫాయిడ్: కలుషితమైన నీటి ద్వారా, ఆహారం ద్వారా వస్తుంది. జ్వరం తగ్గినంత మాత్రాన క్రిములు పోయినట్టు కాదు. కొద్దిమందిలో అవి పిత్తాశయంలో ఏళ్ళ తరబడి నిలిచి ఉంటాయి. వంట పని చేసేవారు మందులు పూర్తిగా వాడి, డాక్టరు మల పరీక్షలు చేయించి సరే అన్న తర్వాతే పనిలో చేరాలి. విడాల్ రక్త పరీక్షతో ఒక మనిషి క్రిములు మోస్తున్నాడో లేదో తేల్చలేము.

3. పచ్చకామెర్లు, హెపటైటిస్ ఎ రకం: కళ్ళు పచ్చబడక ముందే, అంటే రోగికి తన జబ్బు తెలియక ముందే, ఇది ఇతరులకు అంటుతుంది. కామెర్లు కనిపించాక కనీసం ఏడు రోజులు ఆహారం ముట్టుకోకూడదు. తిరిగి వచ్చే ముందు డాక్టరును అడగాలి.

4. చేతి మీద చీముగడ్డలు, పుండ్లు: వీటిలోని స్టెఫైలోకాకస్ క్రిములు ఆహారంలో పడి, వెచ్చగా ఉంటే పెరిగి విషాన్ని తయారుచేస్తాయి. ఆ ఆహారాన్ని మళ్ళీ కాచినా విషం పోదు. తిన్న అరగంట నుంచి ఎనిమిది గంటల లోపు వాంతులు మొదలవుతాయి. చేత్తో కలిపే పులిహోర, చేత్తో చుట్టే లడ్డూల విషయంలో చాలా జాగ్రత్త అవసరం.

యజమాని వేసుకోవలసిన లెక్క

"జబ్బు చేసిన రోజుకు కూడా కూలి ఇస్తే నాకేమి మిగులుతుంది?" అని మీరు అడగవచ్చు. ఒక ఉదాహరణ చూద్దాం. మీ దగ్గర పదిమంది పనిచేస్తున్నారు, రోజు కూలి 500 రూపాయలు అనుకోండి. ఒక్కొక్కరికి ఏడాదికి నాలుగు రోజులు కూలితో కూడిన జబ్బు సెలవు ఇస్తే 40 రోజులు, అంటే 20,000 రూపాయలు. ఏడాదిలో 350 రోజులు దుకాణం తెరిస్తే రోజుకు 60 రూపాయల లోపే. ఇంచుమించు రెండు ప్లేట్ల ఇడ్లీ ఖరీదు!

మీ దుకాణంలో తిని ఇరవై మంది ఆసుపత్రి పాలైతే పోయేది దీనితో పోల్చదగినది కాదు. దుకాణం మూతపడవచ్చు, కేసు పడవచ్చు, ఏళ్ళ తరబడి సంపాదించిన పేరు పోవచ్చు. అన్నింటికంటే ముఖ్యంగా, ఆ ఇరవై మందిలో పసిపిల్లలు, గర్భిణీలు, ముసలివారు ఉండవచ్చు.

యజమాని చేయవలసినవి

* పనిలో చేర్చుకునేటప్పుడు డాక్టరు చేత పరీక్ష చేయించండి. 2006 ఆహార భద్రత చట్టం కింద వచ్చిన 2011 నిబంధనల ప్రకారం, ఆహారం తయారుచేసేవారికి ఏడాదికొకసారి వైద్య పరీక్ష చేయించి, డాక్టరు సంతకంతో రికార్డు ఉంచాలి. అంటువ్యాధి ఉన్నవారిని పనిలోకి రానివ్వకూడదు.

* టైఫాయిడ్ టీకా వేయించండి. మన హైదరాబాదులోని భారత్ బయోటెక్ తయారుచేసిన టైఫాయిడ్ కాంజుగేట్ టీకాకు 2017 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు లభించింది. అయితే టీకా వేయించుకున్నాం కదా అని చేతులు కడుక్కోవడం మానకూడదు. అప్పటికే క్రిములు మోస్తున్నవారిని టీకా బాగుచేయదు.

* రోజూ పని మొదలు కాకముందు మూడు ప్రశ్నలు అడగండి: "వాంతులు, విరేచనాలు ఉన్నాయా? జ్వరం గాని, కళ్ళు పచ్చబడటం గాని ఉందా? చేతులకు గాయాలు, గడ్డలు ఉన్నాయా?" కోపంగా కాదు, కుశలం అడిగినట్టు అడగండి.

* జబ్బు చెప్పినవారిని పదిమందిలో తిట్టవద్దు. ఒకరిని తిడితే మిగిలిన తొమ్మిదిమంది నోరు మూసుకుంటారు.

* ప్రతి పనికీ ఇద్దరు తెలిసి ఉండేలా చూడండి. చట్నీ రుబ్బడం ఒక్కడికే వస్తే, జబ్బు చేసినా వాడినే పిలవవలసి వస్తుంది. వంట మాస్టర్ పక్కన హెల్పర్‌కు కూడా పని నేర్పించండి.

* చేతికి చిన్న గాయమైతే నీరు చొరని పట్టీ వేసి, పైన చేతి తొడుగు తొడిగించండి. గడ్డ చీము పట్టి ఉంటే తగ్గేవరకు క్యాష్ కౌంటర్‌లో గాని, సరుకులు తెచ్చే పనిలో గాని ఉంచండి. విరేచనాలున్నవారిని మాత్రం ఇంటికే పంపాలి.

* పనివారికి శుభ్రమైన మరుగుదొడ్డి, దాని పక్కనే నీళ్ళు, సబ్బు ఉండాలి. ఇవి లేకుండా "చేతులు కడుక్కో" అని గోడ మీద రాయడం వృథా.

* వారానికొక రోజు సెలవు ఇవ్వండి. 14 ఏళ్ళ లోపు పిల్లలను హోటల్ పనిలో పెట్టుకోవడం నేరమని మరువకండి.

* పదిమంది లేక అంతకు మించి పనిచేసే చోట ఈఎస్ఐ వర్తిస్తుంది. జీతం పరిమితికి లోబడి, చందా షరతులు నెరవేరిన ఉద్యోగికి, డాక్టరు సర్టిఫికెట్ మీద ఏడాదికి 91 రోజుల వరకు జీతంలో 70 శాతం జబ్బు భత్యంగా లభిస్తుంది. ఇది చాలామంది పనివారికి తెలియదు. మీరే చెప్పండి.

పనివారు చేయవలసినవి

జబ్బును దాచకండి. విరేచనాలను ఆపే మాత్ర వేసుకుంటే బాధ తగ్గుతుందేమో గాని క్రిములు తగ్గవు. దొడ్డికి వెళ్ళివచ్చాక, డబ్బులు ముట్టుకున్నాక, పచ్చిమాంసం కోశాక, ముక్కు చీదాక సబ్బుతో కనీసం 20 సెకన్లు చేతులు రుద్ది కడుక్కోండి. గోళ్ళు కత్తిరించుకోండి. చేతి తొడుగులున్నాయని కడగడం మానకండి. మురికి తొడుగు మురికి చేయితో సమానం.

అపోహలు తొలగించుకుందాం

హెచ్.ఐ.వి. ఉన్నవారు వంట చేయవచ్చా? చేయవచ్చు. హెచ్.ఐ.వి. ఆహారం ద్వారా రాదు. హెపటైటిస్ బి కూడా వండిన చేతుల ద్వారా, కలిసి తినడం ద్వారా రాదు. హెచ్.ఐ.వి. ఉన్నదని ఉద్యోగం నుంచి తీసివేయడాన్ని, ఆ విధంగా వివక్ష చూపడాన్ని 2017 చట్టం నిషేధించింది. ఊపిరితిత్తుల క్షయ గాలి ద్వారా వ్యాపిస్తుంది. అటువంటి వారికి వెంటనే చికిత్స మొదలుపెట్టించి, డాక్టరు సరే అన్నాక తిరిగి పనిలోకి తీసుకోవాలి. భయంతో మనిషిని వెలివేయడం వేరు, జాగ్రత్తతో కొన్నాళ్ళు విశ్రాంతి ఇవ్వడం వేరు.

మనందరికీ సంబంధించినది

మాకు హోటల్ లేదు కదా అనుకోవద్దు. పెళ్ళికి, పండుగకు, సంఘంలో ప్రేమ విందుకు మనం వంటవారిని పిలుస్తాం. బేరం ఆడేటప్పుడు ప్లేటు ధరతోపాటు ఒక మాట అడగండి: "మీవారిలో ఎవరికైనా జబ్బు చేస్తే బదులు మనిషి ఉన్నాడా?" ఇంట్లో వంట చేసే అక్క "ఒంట్లో బాగోలేదమ్మా" అంటే, జీతం కోయకుండా రెండు రోజులు విశ్రాంతి తీసుకోమనండి. ఆమెకు మేలు, మీ పిల్లలకూ మేలు.

మొదట చెప్పిన ఫోన్ సంభాషణకు మళ్ళీ వద్దాం. యజమాని ఇలా అని ఉంటే?

"అలాగా! అయితే రావద్దురా. ఉప్పు, పంచదార కలిపిన నీళ్ళో, ఓ.ఆర్.ఎస్. ద్రావణమో తాగుతూ ఉండు. తగ్గకపోతే ఆసుపత్రికి వెళ్ళు. కూలి సంగతి నేను చూసుకుంటాను. తగ్గాక రెండు రోజులు ఆగి రా."

ఆ ఉదయం చట్నీ ఒక రకమే ఉంటుందేమో. తిన్నవారు మాత్రం ఆరోగ్యంగా ఇంటికి వెళతారు.

ఆలోచించండి, చర్చించండి

1. విరేచనాలు తగ్గిన వెంటనే వంటకు ఎందుకు రాకూడదు?
2. మేరీ మాలన్‌కు సరైన జీతంతో వేరే పని చూపించి ఉంటే ఏమి జరిగి ఉండేది?
3. చీము కలిసిన ఆహారాన్ని మళ్ళీ కాచినా ఎందుకు సురక్షితం కాదు?
4. మీరు పనిచేసే చోట జబ్బు చేసిందని చెప్పడానికి భయం ఉందా? ఆ భయం పోవాలంటే ఏమి మారాలి?