పాత ఫోన్ ఇచ్చే ముందు, చెల్లీ

ఏం చెల్లీ, బావ ఉద్యోగం నుంచి దిగిపోయే రోజు దగ్గరపడిందట కదా! సెంటినరీ కాలనీలో క్వార్టర్ ఖాళీ చేసేటప్పుడు మంచాలు, బీరువాలు జాగ్రత్తగా కట్టుకుంటాం. సొరుగులో మిగిలిన పాత ఫోన్లు, పెన్‌డ్రైవ్‌లు మాత్రం వీధిలోకొచ్చిన పాత సామాన్లాయనకు ఇచ్చేస్తాం. వాటిలో ఏమున్నాయో తలుచుకున్నావా? బావ పే స్లిప్పు, పీఎఫ్ కాగితాలు, ఆధార్, పాసుబుక్కు, బిడ్డ పెళ్లిచూపుల ఫొటోలు!

2024 ఆగస్టులో మన గోదావరిఖనిలోనే బీహార్‌కు చెందిన ముగ్గురిని పోలీసులు పట్టుకున్నారు. ఊళ్లు తిరిగి అగ్గువకు కొన్న పాత ఫోన్లు 4,000 దాకా గోనెసంచుల్లో దొరికాయి. జామ్‌తారా వైపు సైబర్ మోసగాళ్లకు పోయే సరుకని చెప్పారు.

"అన్నీ డిలీట్ చేసినక్కా" అంటావు. డిలీట్ కొడితే పోయేది పేరే. క్వార్టర్ ఖాళీ అయిందని రిజిస్టర్‌లో రాసుకున్నారు, సామాను మాత్రం లోపలే ఉంది, అట్లన్నమాట. పోనీ సినిమాలతో నింపి చెరిపేద్దామా? ఫోన్లు, పెన్‌డ్రైవ్‌ల లోపలి చిప్పుల్లో పాత రాత మీద కొత్త రాత పడదు. ఒకే చోట పదే పదే రాస్తే ఆ చోటు అరిగిపోతుందని చిప్పు ప్రతిసారీ వేరే చోట రాస్తుంది. పైగా మనకు కనపడని అదనపు జాగా కొంత దాచుకుంటుంది. 2011లో కాలిఫోర్నియా యూనివర్సిటీ శాన్‌డియాగో పరిశోధకులు ఒక్కో ఫైలును తుడిచే పద్ధతులను ఇలాంటి చిప్పులే ఉండే ఎస్‌ఎస్‌డీల మీద పరీక్షిస్తే, ఫైలులో 4 నుంచి 75 శాతం దాకా ఇంకా మిగిలే ఉంది. అయస్కాంతం పెడితే పోతుందనేది హార్డ్ డిస్కుల నాటి మాట, ఈ చిప్పులకు పనికిరాదు.

మరి దారేంటి? తాళం. ఆండ్రాయిడ్ 10తో మార్కెట్లోకి వచ్చిన ఫోన్లన్నింటిలో సమాచారం తాళం వేసినట్టు గుప్తంగానే (ఎన్‌క్రిప్ట్ అయి) ఉంటుంది. ముందు గూగుల్ అకౌంట్ తీసెయ్, తర్వాత ఫ్యాక్టరీ రీసెట్ కొట్టు. తాళంచెవి నాశనమవుతుంది, మిగిలిన రాత ఎవరికీ అర్థం కాదు. మరీ పాత ఫోనైతే సెట్టింగుల్లో ఎన్‌క్రిప్ట్ చేశాకే రీసెట్.

అసలు గొడవ మెమరీ కార్డుతోనే. రీసెట్ దాన్ని ముట్టుకోదు, తాళమూ సాధారణంగా ఉండదు. కొన్ని వందల రూపాయల కార్డును అమ్ముకోవడమెందుకు? తీసి, బావ కటింగ్ ప్లేయర్‌తో ముక్కలు చెయ్. పెన్‌డ్రైవ్‌కైతే ఇనుప మూతి వంచితే లాభం లేదు, లోపలున్న నల్ల చిప్పే పగలాలి.

ఆన్ కాని ఫోన్ ఉంటే? దాని చిప్పు బతికే ఉండొచ్చు. సుత్తెతో మాత్రం కొట్టకు, బ్యాటరీ అంటుకోవచ్చు. బాగు చేయించి రీసెట్ కొట్టేదాకా సొరుగులోనే ఉండనీ.