మోకాటి కండర, స్నాయుబంధన గాయాలు: నిర్ధారణ చిత్రణ

కండరాన్ని ఎముకతో కలిపేది స్నాయుబంధనం, అనగా టెండాన్. ఎముకను ఎముకతో కలిపేది సంధిబంధనం, అనగా లిగమెంట్. పరీక్షలో ఈ రెండూ తారుమారయ్యే అవకాశం ఎక్కువ. మానవ దేహంలో అతిపెద్ద సెసమాయిడ్ ఎముక, అంటే స్నాయుబంధనంలో ఇమిడి ఏర్పడే ఎముక, మోకాటి చిప్ప (పటెల్లా). దాని కింది బంధనం పూర్తిగా తెగితే చిప్ప పైకి జరుగుతుంది, పైనున్న క్వాడ్రిసెప్స్ (తొడ ముందరి కండరం) బంధనం తెగితే కిందికి దిగుతుంది. 1895లో రాంట్‌జన్ కనుగొన్న ఎక్స్-కిరణాలు ఈ స్థానభ్రంశాన్ని చూపగలవు గాని, మృదుకణజాలపు చీలికను స్పష్టంగా చూపలేవు.

20,000 హెర్ట్జ్‌లకు మించిన పౌనఃపున్యం గల అతిధ్వనులతో పనిచేసే అల్ట్రాసౌండ్, కాలు కదులుతుండగానే బంధనాన్ని పరిశీలించే వీలు కల్పిస్తుంది.

ఈ గాయాల చిత్రణలో అత్యంత ముఖ్యమైనది ఎంఆర్ఐ. బలమైన అయస్కాంత క్షేత్రంలో, రేడియో తరంగాల ప్రేరణతో, దేహంలోని నీరు, కొవ్వులలో ఉన్న హైడ్రోజన్ ప్రోటాన్లు వెలువరించే సంకేతాలే ఇందులో చిత్రమవుతాయి. ఆరోగ్యకరమైన బంధనం నల్లగానూ, చీలికలో చేరిన ద్రవం టీ2 అనే రకం ఎంఆర్ఐ చిత్రాలలో తెల్లగానూ కనిపిస్తాయి. అయస్కాంత క్షేత్ర ప్రమాణం టెస్లా. ఈ పద్ధతిలో అయనీకరణ వికిరణం ఉండదు. ఎంఆర్ఐకి సంబంధించి పాల్ లాటర్‌బర్, పీటర్ మాన్స్‌ఫీల్డ్‌లకు 2003లో నోబెల్ బహుమతి లభించింది భౌతికశాస్త్రంలో కాదు, వైద్యశాస్త్రంలో.