మోటారు సైకిలు పెట్రోలు పంపు: ఇంట జేయదగిన మరమ్మతు

బనగానపల్లె ప్రాంతమున మోటారు సైకిలు నేడు సేద్యపు పనిముట్లలో నొకటియై యున్నది. పాలక్యానులు, ఎరువుల మూటలు, మామిడికాయల గంపలు దానిమీదనే పోవుచున్నవి. కోతల కాలమున అది రెండుదినములు నిలిచినచో కలుగు నష్టమును సభ్యులకు వేరుగ జెప్ప నక్కరలేదు. కావున దాని పెట్రోలు పంపును గూర్చి కొంత వ్రాయుచున్నాము.

పాత బండ్లలో పెట్రోలు టాంకునుండి తనంతట తానే కార్బురేటరులోనికి దిగెడిది. 2020 ఏప్రిలు 1 మొదలు భారత్ స్టేజి 6 నిబంధనలు అమలులోనికి వచ్చిన పిమ్మట వెలువడిన బండ్లలో పెక్కింటికి ఇంజెక్షను పద్ధతి గలదు. వీని టాంకు లోపల విద్యుత్తుచే నడచు చిన్న పంపు ఉండి, చదరపు సెంటీమీటరునకు సుమారు 3 కిలోల ఒత్తిడితో పెట్రోలును ఇంజెక్టరునకు బంపును. గొట్టము నూడదీసి నోటితో నూదు పాత వైద్యము దీనికి బనికిరాదు.

తాళము త్రిప్పగనే రెండు మూడు సెకండ్లపాటు సన్నని ధ్వని వినబడవలెను. వినబడనంత మాత్రమున క్రొత్త పంపునకై నంద్యాలకు పరుగెత్తరాదు. మొదట హ్యాండిలుమీది ఇంజను స్విచ్చిని, ఫ్యూజును, బ్యాటరీని చూడవలెను. బండి గట్టుమీదనుండి పడియుండినచో కొన్నింటిలో ఒక సెన్సారు పంపును నిలిపివేయును; బండిని లేవనెత్తి, తాళము తీసి మరల వేసిన చాలును. పిమ్మట పంపు ప్లగ్గు నూడదీసి, 12 వోల్టుల టెస్టు లాంపు పెట్టి తాళము త్రిప్పవలెను. లాంపు ఆ కొద్ది సెకండ్లు వెలిగినచో కరెంటు వచ్చుచున్నది, లోపము పంపులోనిదే. ఈ పరీక్ష టాంకు తెరువకమునుపే చేయవలెను.

ధ్వని వచ్చియు బండి లాగనిచో జల్లెడను శంకింపవలెను. నాపరాతి గనుల దుమ్మును, సీసాలలో నమ్ము పెట్రోలులోని నలకలును దానిని మూసివేయును. 2025 నాటికి పెట్రోలులో ఇథనాలు నూటికి 20 వంతులకు చేరినది. ఇథనాలు నీటిని పీల్చుకొనును. నీరు హెచ్చినపుడు రెండును కలిసి అడుగునకు దిగి, టాంకునకు త్రుప్పు పట్టించును. జల్లెడ మార్చి టాంకును కడుగకున్న పని సగమే.

విప్పునపుడు ఇంజను చల్లారి యుండవలెను. బ్యాటరీ నెగటివు తీగ తీసి, ఆరుబయట, పొయ్యికిని బీడీకిని దూరముగ చేయవలెను. గొట్టములో ఒత్తిడి నిలిచియుండును గాన గుడ్డ చుట్టి మెల్లగ వదల్పవలెను. వారంటీలోనున్న బండిని మాత్రము ముట్టరాదు.

పంపు సెట్టంతయు కొన వేల రూపాయలగును. లోని మోటారు మాత్రము మార్చిన ఖర్చు చాల తగ్గును. ఈ మార్పు మంచిదే. కాని మోటారు అదే కొలతది, అదే ఒత్తిడిది కావలెను. పెద్ద బండి మోటారు పెట్టిన జోరు పెరుగునని కొందరందురు. అది వట్టిమాట. హెచ్చు పెట్రోలును రెగ్యులేటరు టాంకులోనికే త్రిప్పివేయును; బ్యాటరీకి భారము మిగులును. రెగ్యులేటరును కదల్చినచో కంప్యూటరు లెక్క తప్పి పెట్రోలు వృథాయగును. లోపలి గొట్టము పెట్రోలులో మునిగియుండుటకు తగినదే కావలెను; మామూలు రబ్బరు ఉబ్బి చీలును. రబ్బరు రింగును క్రొత్తదే వేయవలెను.

బిగించిన పిదప రెండు మూడు లీటర్లు పోసి, తాళము నాలుగుమార్లు వేసి తీసి, అడుగున చేయిపెట్టి చూడవలెను. ఒక్క చుక్క కారినను స్టార్టు చేయక మరల విప్పవలెను.