టెలిస్కోపు స్టాండులో వదులు: పానా పట్టే ముందు వేలు పెట్టి చూడండి

టెలిస్కోపు అద్దం ఎంత మంచిదైనా స్టాండు లొడలొడలాడితే లాభం లేదు. లెక్క చూడండి. 100 రెట్లు పెద్దది చేసి చూపే అక్షికటకంలో ఆకాశం సుమారు అర డిగ్రీయే కనిపిస్తుంది. అంటే నిండు చందమామ పట్టేంత చోటు. మధ్యలో పెట్టిన గురుగ్రహం పావు డిగ్రీ జరిగితే చాలు, అంచు దాటిపోతుంది. స్టాండులో అంత వదులుంటే ముందు చూసినవాడి ముక్కు తగలగానే గురుడు మాయం! వెనక లైనులో నిలబడ్డ అయిదో తరగతి పిల్లలు "ఏం కనబళ్ళేదన్నా" అంటూ పోయి పడుకుంటారు.

ఊగడం వేరు, వదులు వేరు. పగటిపూట, సూర్యుడు లేని దిక్కున, దూరంగా ఉన్న తాటిచెట్టు తల మీదికి గొట్టం తిప్పి, రెండు ఇరుసుల బిగింపు మరలూ బిగించండి. గొట్టం చివర వేలితో మెల్లగా నెట్టి వదలండి. బొమ్మ వణికి మళ్ళీ మొదటి చోటికే వస్తే అది ఊగడం. కాళ్ళు పొట్టివి చేసి గట్టినేల మీద పెడితే తగ్గుతుంది. టక్కుమని జరిగి అక్కడే ఉండిపోతే అది వదులు. బుష్షు అరిగిన ఎడ్లబండి చక్రం ఇరుసు మీద అటూ ఇటూ పడుతుంది కదా, అలాగన్నమాట.

ఇప్పుడు పానా తీసి కనబడిన నట్టల్లా బిగించొద్దు (పదో తరగతి అన్నలకు ముఖ్య గమనిక!). ఒకరు గొట్టాన్ని మెల్లగా ఆడించాలి. ఇంకొకరు ఒక్కో అతుకు మీద వేలు పెట్టాలి, సగం కదిలే భాగం మీద, సగం కదలని భాగం మీద. ఎక్కడ వేలికి తెలుస్తుందో అక్కడే జబ్బు. మొదట గొట్టం పట్టీలు, తర్వాత ఇరుసులు, చివరికి పళ్ళచక్రం.

పళ్ళచక్రం దగ్గరే అందరూ పొరపడతారు. దాన్ని తిప్పే మరకడ్డీకి, అంటే వర్మ్‌కి, చివర చేతిబొత్తాం ఉంటుంది. గొట్టం ఆడించినప్పుడు బొత్తాం లోపలికీ బయటికీ వస్తుంటే తప్పు పళ్ళది కాదు, కడ్డీ తన గూట్లో పొడుగునా జరుగుతోంది. కడ్డీ చివరి నట్టు సరిచేయాలి. బొత్తాం కదలకుండా గొట్టమే కదిలితే పళ్ళ మధ్య సందుంది. చక్రానికి 144 పళ్ళుంటే కడ్డీ ఒక్క చుట్టుకు 2.5 డిగ్రీలు. బొత్తాం ఎనిమిదో వంతు చుట్టు ఉత్తినే తిరిగిందంటే 0.3 డిగ్రీ పోయినట్టే.

సందు తగ్గించడానికి కడ్డీ గూడు మరలు కాస్త వదిలి, చక్రం వైపు జరిపి బిగించాలి. అయితే చక్రం అంతటా ఒకేలా గుండ్రంగా ఉండదు. ఒక పూర్తి చుట్టు తిప్పి, ఎక్కడ బిగుతు ఎక్కువో అక్కడే సరిచూడాలి. సైకిలు చక్రం కోను బిగించినట్టే, ఎక్కువైతే పట్టేస్తుంది. ఇత్తడి పళ్ళు ఒకసారి కొరుక్కుపోతే మన సంతలో దొరకవు మరి!

కొంచెం సందు ఎలాగూ మిగులుతుంది. అందుకే రాత్రి చూసేటప్పుడు తూర్పు వైపు కాస్త బరువు ఎక్కువుంచాలి. స్టాండు పడమటికి తిరుగుతుంటే పళ్ళు ఒకే పక్కకు ఒత్తుకుని ఉంటాయి. గొట్టం తూర్పున ఉంటే బరువుదిమ్మను కొద్దిగా లోపలికి, పడమట ఉంటే కొద్దిగా బయటికి జరపండి.